కింది పోర్షన్ మురుగు మోటరు: ఊరికే తిరుగుతోందంటే ముందు నీళ్లను వెతకండి

రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లమైపోయిన పాత కాలనీల వాళ్లకు ఈ సమీక్ష పనికొస్తుంది. మాది హైదరాబాద్‌లో మల్కాజిగిరి వైపు. ఇల్లు కట్టిన కొత్తలో గేటు దగ్గర మూడు మెట్లెక్కి లోపలికి వచ్చేవాళ్లం. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పోస్తూ పోవడంతో ఇప్పుడు రోడ్డు మీది నుంచి ఇంట్లోకి దిగాలి. 2020 అక్టోబరు వానలకు వీధిలో మ్యాన్‌హోల్ నిండిపోయి కింది పోర్షన్ బాత్రూముల్లోకి మురుగు ఎదురు తన్నింది. ఆ పోర్షన్‌లో ఉండేది అత్తయ్య, మామయ్య. మరుసటి ఎండాకాలంలో కింది పోర్షన్ మురుగు చేరేలా పెరట్లో మూడడుగుల వెడల్పు సిమెంటు వరలు దింపించి గుంత చేయించి, అడుగున కాంక్రీటు వేయించి, ఆ మురుగును వీధి మ్యాన్‌హోల్‌కు ఎత్తడానికి ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ సీవేజ్ పంపు పెట్టించాం. అప్పటినుంచి మురుగు లోపలికి రాలేదు.

పంపు పోత ఇనుముది, రెండంగుళాల అవుట్‌లెట్, పక్కన వైరుకు వేలాడే ఫ్లోటు. గుంత నిండుతుంటే ఫ్లోటు పైకి తేలి మోటరు ఆన్ అవుతుంది. నిమిషం, నిమిషంన్నరలో నీళ్లు తోడేసి, ఫ్లోటు కిందికి వాలగానే ఆగిపోతుంది. మోటరు గురించి నాకు ఫిర్యాదేమీ లేదు. ఎండల్లో వోల్టేజీ పడిపోయినా లాగింది. ఒకసారి సీలు మార్పించాం. ఆయిల్ చాంబరులోని నూనె పాలలా తెల్లబడితే సీలు దగ్గర నీళ్లు దిగుతున్నట్టే, వైండింగ్ దాకా పోకముందే మార్పించుకోవాలి. బలహీనమైంది మాత్రం దాంతో పాటు వచ్చిన ఫ్లోటు. దాని సంగతి కింద చెప్తాను.

ఇన్నేళ్లలో మమ్మల్ని ఎక్కువ సతాయించిన సమస్య ఒకటే: ఎవరూ నీళ్లు వాడకుండానే మోటరు తిరగడం. రాత్రి అందరూ పడుకున్నాక కూడా. మామయ్యకు నిద్ర పలచన. పొద్దున్నే పైకి వచ్చి, "అమ్మాయ్, రాత్రి రెండుసార్లు మోటరు తిరిగింది. మేమిద్దరం లేవనే లేదు" అన్నారు. ఎలక్ట్రీషియన్ వచ్చి స్టార్టర్ బాక్సు విప్పి చూసి, "ఫ్లోటు ఖరాబైంది మేడమ్, కొత్తది ఏద్దాం" అన్నాడు. వేశాం. ఆ రాత్రి కూడా తిరిగింది.

అప్పుడు మామయ్య లెక్క వేశారు. ఆయన నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు, నీళ్ల లెక్క చేతిలో ఉంటుంది. మూడడుగుల వరలో ఒక సెంటీమీటరు మట్టం అంటే దాదాపు ఆరున్నర లీటర్లు. మా ఫ్లోటు ఆన్ అయ్యే మట్టానికీ ఆఫ్ అయ్యే మట్టానికీ అడుగు తేడా, అంటే 30 సెంటీమీటర్లు. కాబట్టి మోటరు తిరిగిన ప్రతిసారీ 195 లీటర్ల వరకు తోడుతోంది. అది నాలుగు గంటలకోసారి తిరుగుతోందంటే గంటకు 50 లీటర్లు, నిమిషానికి 800 మిల్లీలీటర్లు ఎక్కడి నుంచో గుంతలోకి వస్తున్నట్టే. "ఫ్లోటు కాదమ్మా, ఎక్కడో నీళ్లు పోతున్నాయి" అన్నారు. మీ ఇంట్లోనూ ముందు ఈ లెక్క వేసుకోండి. గుంత కొలత, ఫ్లోటు తేడా, మోటరు ఎంతసేపటికోసారి తిరుగుతోంది, ఈ మూడూ తెలిస్తే చాలు. ఎవరినీ పిలవకముందే సగం సంగతి తేలిపోతుంది.

మిగతా సగం తేలడానికి రెండు రాత్రులు పట్టాయి. అందరూ పడుకునే ముందు ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి కింది పోర్షన్‌కు వచ్చే గేట్ వాల్వు కట్టేశాం. గుంత మూత దగ్గర నుంచే ఓ పొడుగాటి పీవీసీ పైపు దించి, తడిసినంత మేర మార్కరుతో గీత పెట్టాం. పొద్దున దించి చూస్తే మట్టం గీత దగ్గరే ఉంది. మర్నాడు రాత్రి వాల్వు తెరిచే ఉంచాం, మళ్లీ మోటరు తిరిగింది. అంటే నేలలోంచి ఊరే నీళ్లు కావు, కరెంటు దోషం కాదు, ఇంట్లోని కుళాయి నీళ్లే.

దొరికింది పెరటి వైపు బయటి టాయిలెట్‌లో. పనమ్మాయి తప్ప ఎవరూ వాడరు, తలుపు ఎప్పుడూ దగ్గరకే వేసి ఉంటుంది. ఫ్లష్ ట్యాంకులో నీళ్లు నిండగానే ఆపాల్సిన బాల్ వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. నీళ్లు లోపలి ఓవర్‌ఫ్లో గొట్టం గుండా చప్పుడు లేకుండా కమోడ్‌లోకి జారిపోతున్నాయి. వంగి చూసినా కనబడదు. కమోడ్ గిన్నె లోపలి వెనక వైపును పొడి గుడ్డతో తుడిచి, టిష్యూ కాగితం ఒకటి అంటించి చూడండి. లీకుంటే కాసేపట్లో కాగితం మీద తడి చార దిగుతుంది. మాది బోరు నీళ్లు. వాషరు చుట్టూ తెల్లటి సున్నపు పొర పేరుకుపోయి కూర్చోవడం లేదు. వాల్వు మార్పించాం, చిన్న ఖర్చు. ఆ రాత్రి నుంచి మోటరు పడుకుంది.

ఫ్లష్ ట్యాంకు తర్వాత చూడాల్సింది ఆర్‌ఓ మెషీను వేస్టు పైపు. మామూలుగా అది ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి పంపుతుంది. లోపల కరెంటుతో పనిచేసే సోలనాయిడ్ వాల్వు మూసుకోకపోతే మెషీను ఆగి ఉన్నా ఆ సన్న పైపులోంచి నీళ్లు పోతూనే ఉంటాయి. సింకు కింద పైపు కొస బయటికి లాగి, ఓ గిన్నెలో పెట్టి రాత్రంతా వదిలేస్తే తెలిసిపోతుంది. ఏసీ నీళ్లు, వాషింగ్ మెషీను పైపులు మా ఇంట్లో సమస్య కాలేదు.

వానాకాలంలో మోటరు ఆగకుండా తిరుగుతుంటే కథ వేరు. డాబా మీది వాన నీళ్ల పైపును మురుగు లైనులో కలిపేసిన ఇళ్లు మా వీధిలోనే చాలా ఉన్నాయి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు 930 లీటర్లు. గట్టి వానలో గంటకు నాలుగైదు సెంటీమీటర్లు పడడం మామూలే. అంత నీళ్లు ఎత్తడానికి ఈ పంపు కొనలేదు కదా. మా ఇంట్లో ఆ పైపును విడదీసి ఇంకుడు గుంతకు తిప్పాం. అలాగే పై అంతస్తుల బాత్రూముల లైను మురుగు గుంతలోకి రానివ్వకండి. ఎత్తులో ఉన్న నీళ్లు వాటంతటవే వీధి మ్యాన్‌హోల్‌కు పోతాయి, వాటిని కిందికి దించి మళ్లీ మోటరుతో ఎక్కించడమెందుకు? కింది పోర్షన్ నీళ్లు మాత్రమే గుంతకు రావాలి. మొదట్లోనే మేస్త్రీతో గట్టిగా చెప్పాల్సిన మాట ఇది.

గేట్ వాల్వు కట్టేసినా మట్టం పెరుగుతోందంటే, అప్పుడు చూడాల్సింది ఎన్‌ఆర్‌వీ. పంపు పైన పైపులో ఉండి, తోడిన నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు అన్నమాట. మోటరు ఆగిన మరుక్షణం మట్టం గబగబా కాస్త పెరిగి ఆగిపోతే పైపులో నీళ్లు వెనక్కి వస్తున్నాయి. నింపాదిగా, ఆగకుండా పెరుగుతుంటే ఊట. రెండంగుళాల పైపులో మీటరుకు రెండు లీటర్ల నీళ్లుంటాయి. మా పైపు నిలువు నాలుగు మీటర్లు. ఆ ఎనిమిది లీటర్లూ వెనక్కి పడినా మా గుంతలో ఒకటిన్నర సెంటీమీటరు కూడా పెరగదు, మోటరు ఆన్ కాదు. కానీ రెడీమేడ్ చిన్న ప్లాస్టిక్ ట్యాంకుల్లో అదే ఎనిమిది లీటర్లు ఫ్లోటును లేపేస్తాయి. మోటరు తోడుతుంది, నీళ్లు వెనక్కి పడతాయి, మళ్లీ తోడుతుంది. ఇలా నిమిషానికోసారి స్టార్ట్ అయితే ఏ మోటరైనా ఎక్కువ కాలం బతకదు.

మాకు మొదట పెట్టింది రేకు తలుపు రకం ఎన్‌ఆర్‌వీ. జుట్టు, గుడ్డ పీలికలు ఇరుక్కుని తలుపు సగం తెరుచుకునే ఉండిపోయేది. ఇప్పుడు లోపల రబ్బరు బంతి ఉండే రకం పెట్టించాం. మురుగుకు అదే మేలు, బంతి దొర్లుతూ తనంత తానే శుభ్రపడుతుంది. దాన్ని గుంత లోపల కాకుండా పక్కన చిన్న చాంబరులో, యూనియన్లు, అంటే విప్పి మళ్లీ బిగించుకోగల పైపు జాయింట్లు పెట్టి బిగించమనండి, విప్పడానికి వీలుంటుంది. ఇంకో మాట. బయటికి పోయే పైపును రోడ్డు మట్టం కంటే పైకి తీసుకెళ్లి, అక్కడి నుంచి వంచి దింపాలి. అలా చేయకపోతే వీధి మ్యాన్‌హోల్ నిండిన రోజు ఎన్‌ఆర్‌వీ కొద్దిగా లీకైనా ఊరందరి మురుగూ మీ గుంతలోకే వస్తుంది, మీ మోటరు దాన్ని తిరిగి అక్కడికే పంపుతూ రాత్రంతా తిరుగుతుంది.

ఇక ఫ్లోటు. మా గుంతలోకి వంటింటి సింకు నీళ్లు కూడా వస్తాయి. పప్పు తాలింపు నూనె, వేపుళ్ల జిడ్డు పైన చేరి అట్టు కట్టాయి. ఒక సంక్రాంతి తర్వాత ఆ అట్టు మీదే ఫ్లోటు ఎక్కి కూర్చుంది. నీళ్లు తగ్గినా అది దిగలేదు, మోటరు నీళ్లు లేకుండా తిరిగింది. వేడెక్కగానే లోపలి థర్మల్ ప్రొటెక్టర్ కట్ చేస్తుంది, చల్లారగానే మళ్లీ కలుపుతుంది. బయటి నుంచి చూస్తే కాసేపటికోసారి తనంతట తానే ఆన్ అవుతున్నట్టు ఉంటుంది. గుంతలో మట్టం కదలకుండా మోటరు ఇలా ఆగి ఆగి తిరుగుతుంటే వెంటనే ఎంసీబీ దించేయండి, అలాగే వదిలితే వైండింగ్ కాలిపోతుంది. మేం ఆ తర్వాత సింకు లైనుకు జిడ్డు ఆపే చిన్న చాంబరు కట్టించాం. పండగ పిండివంటలయ్యాక అత్తయ్యే దగ్గరుండి దాన్ని శుభ్రం చేయిస్తారు.

ఫ్లోటులో రెండో తెగులు వైరు. గుంత అంచుకు ఒరుసుకుని పై తొడుగు చీలితే లోపలికి తడి దిగుతుంది. ఫ్లోటు కిందికి వేలాడుతున్నా కరెంటు పారుతుంది. కరెంటు తీసేసి, ఫ్లోటు వైర్లు విడదీసి, మల్టీమీటరు పెట్టి చూస్తే తేలిపోతుంది. కిందికి వాలినప్పుడు కూడా కంటిన్యుటీ, అంటే కరెంటు దారి కలిసే ఉందని చూపిస్తే పారేయడమే. స్టార్టర్ బాక్సులో మోటరుకు కరెంటు కలిపే కాంటాక్టర్ అతుక్కుపోవడం, చీమలు, బల్లులు దూరడం ఆఖరున చూడాల్సినవి. మా ఎలక్ట్రీషియన్లంతా అక్కడి నుంచే మొదలుపెడతారు, ఎందుకంటే ఆ బాక్సు గోడ మీద ఉంటుంది, మూత తెరిస్తే కంపు కొట్టదు.

మూత సంగతి వచ్చింది కాబట్టి ఇది మాత్రం తప్పక చదవండి. ఎంత చిన్న గుంతైనా మనిషిని దింపకండి. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు, అడుగునే నిలుస్తుంది. ఎక్కువ మోతాదులో అది ముక్కునే మొద్దుబారుస్తుంది, వాసన పోయిందనుకున్న క్షణంలో మనిషి కూలిపోతాడు. కాపాడబోయి దిగినవాడూ పోతాడు. రక్షణ ఏర్పాట్లు లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి, మురుగు కాల్వల్లోకి మనుషుల్ని దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. "అయిదు నిమిషాల పనే అమ్మా, నేను దిగుతా" అని పని కోసం వచ్చిన కుర్రాడు అన్నాడు. మేం ఒప్పుకోలేదు. పంపుకు స్టీలు గొలుసు కట్టించి, పైపుకు పైన యూనియన్ పెట్టించాం. యూనియన్ విప్పి గొలుసు పట్టి లాగితే పంపు బయటికి వస్తుంది. పంపును వైరు పట్టుకుని మాత్రం లాగకండి. మూత తీసేముందు ఎంసీబీ దించాలి. ఈ లైనుకు కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు ఉండాల్సిందే.

కొనాలనుకునేవాళ్లకు నా సలహా. మోటరుకు పెట్టే డబ్బు సరే, ఫ్లోటు, ఎన్‌ఆర్‌వీ దగ్గర బేరమాడకండి. ఫ్లోటు విడిగా మార్చుకునే వీలున్న మోడలే తీసుకోండి. కొన్నిట్లో వైరు మోటరు లోపలికే పోతుంది, ఫ్లోటు పాడైతే మోటరు విప్పాలి. మాకు మొదట మోటరుతో వచ్చింది అదే రకం. సర్వీసు వాళ్లు రావడం ఆలస్యమై కొన్నాళ్లు చేత్తో ఆన్, ఆఫ్ చేసుకున్నాం. చివరికి దాన్ని పక్కన పెట్టి బయట నుంచి వేరే ఫ్లోటు వేయించాం. కట్టర్ పంపు అయితే ఏం వేసినా నలిగిపోతుందని షాపులో చెప్తారు. శానిటరీ ప్యాడ్లు, తడి వైప్స్ దాంట్లోనూ చుట్టుకుంటాయి, నమ్మి కమోడ్‌లో వేయకండి. ప్యానెల్‌లో అవర్ మీటరు ఒకటి పెట్టించుకోండి. మోటరు మొత్తం ఎంతసేపు తిరిగిందో అది చూపిస్తుంది, పొద్దునా రాత్రీ అంకె రాసుకుంటే మామయ్యలా ఎవరూ మేలుకుని వినక్కర్లేదు. మేం ఇవన్నీ అయ్యాక రెండో ఫ్లోటు కూడా వేయించాం, మొదటిదాని కంటే ఎత్తులో. మట్టం అక్కడికి చేరితే పైన మా వంటింట్లో బజరు మోగుతుంది.