విడి హోం పార్టిషన్: సిస్టం కొత్తది, తలనొప్పులు పాతవి

మన ఫైళ్లూ సెట్టింగులూ ఉండే హోం ఫోల్డర్‌కి డిస్కులో ఒక విడి భాగం (పార్టిషన్) పెట్టుకోమన్నది లినక్స్ వాడేవాళ్లు కొత్తవాళ్లకి ఇచ్చే మొదటి సలహాల్లో ఒకటి. నేను ఏళ్ల కిందటే ఆ సలహా విని అలాగే పెట్టుకున్నాను, ఇప్పటికీ అలాగే వాడుతున్నాను. బాగుందా అంటే బాగుంది. కానీ ఈ సమీక్ష మాత్రం కొంచెం కోపంగానే రాస్తున్నాను. "సిస్టం మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నా మీవన్నీ భద్రంగా ఉంటాయి" అని చెప్తారు కదా, ఆ 'అన్నీ'లో ఏమేం కలిసి ఉంటాయో ఎవరూ చెప్పరు.

ముందు నా పరిస్థితి చెప్తాను. ఇంట్లో కూర్చుని తెలుగు అనువాదాలు, ప్రూఫులు చూసుకునే పని. ల్యాప్‌టాప్ పాతది, అందులో లినక్స్ మింట్ సినమన్. మింట్ 20.3కి సపోర్టు 2025 ఏప్రిల్‌తో అయిపోయింది. అక్కణ్ణుంచి 22కి అప్‌గ్రేడ్ చేసుకుంటూ రావాలంటే మధ్యలో 21 మీదుగా రావాలి. అంత ఓపిక లేక నేరుగా 22.1ని కొత్తగా ఇన్‌స్టాల్ చేశాను. ఇన్‌స్టాలర్‌లో పార్టిషన్లని మనమే ఎంచుకునే 'సంథింగ్ ఎల్స్' తీసుకుని, సిస్టం, ప్రోగ్రాంలు ఉండే రూట్ పార్టిషన్‌ని ఫార్మాట్ చేయించి, హోంని మాత్రం ఫార్మాట్ టిక్ లేకుండా మౌంట్ చేయించాను, అంటే తుడవకుండా తగిలించాను. పాత యూజర్‌నేమే ఇచ్చాను. ఇంతకుమించి పార్టిషన్ల పాఠం ఇక్కడ రాయను, అది చెప్పే వీడియోలకి కొదవ లేదు.

లాగిన్ అయ్యాక మొదట దొరికింది సంతోషమే. లిబ్రెఆఫీస్ తెరిచి సగంలో ఉన్న ప్రూఫు ఒకటి తీశాను. స్పెల్‌చెక్ కోసం నేను ఒక్కొక్కటే చేర్చుకుంటూ వచ్చిన పదాలన్నీ, ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, మాండలికం మాటలు, ఒక్కటీ పోకుండా ఉన్నాయి. వాటి కింద ఎర్ర గీతల్లేవు. ఆటోకరెక్ట్‌లో పెట్టుకున్న పొట్టి రాతలు కూడా పనిచేస్తున్నాయి. పాత సిస్టంలో లిబ్రెఆఫీస్ 6.4 ఉండేది, మింట్ 22లో వచ్చేది 24.2. మధ్యలో అన్ని వెర్షన్లు దాటినా సెట్టింగులు దాచే ప్రొఫైల్ ఫోల్డర్ అదే కాబట్టి కొత్తది పాతదాన్ని కిమ్మనకుండా తీసుకుంది. ఈ ఒక్కదాని కోసమైనా విడి హోం పెట్టుకోవచ్చు అనిపించింది.

ఫాంట్లూ అంతే. హోంలోని ఫాంట్ల ఫోల్డర్‌లో వేసుకున్నవి అన్నీ వచ్చేశాయి. మింట్ సాఫ్ట్‌వేర్ భాండారం (రిపాజిటరీ) నుంచి ప్యాకేజీగా వేసుకున్నవి మాత్రం రాలేదు, ఎందుకంటే అవి రూట్‌లో ఉంటాయి. పోతన, వేమన ఒక ప్యాకేజీలో, మండలి, రామభద్ర, సూరన్న లాంటివి 'ఫాంట్స్ తెలుగువిజయం' అనే ప్యాకేజీలో ఉంటాయి, మళ్లీ వేసుకుంటే సరిపోయింది. దీంతో సూత్రం తేలిగ్గా అర్థమవుతుంది: సెట్టింగు హోంలో ఉంటుంది, ఆ సెట్టింగు ఏ ప్రోగ్రాం కోసమో అది రూట్‌లో ఉంటుంది. రూట్ తుడిచిపెట్టుకుపోతే సెట్టింగు మాత్రం తన యజమాని ఇంకా ఉన్నాడనుకుని అక్కడే కాచుక్కూర్చుంటుంది. నన్ను తిప్పలు పెట్టింది సరిగ్గా ఇదే.

ఫైర్‌ఫాక్స్ ముందుగా మొరాయించింది. తెరవగానే, ఇంతకన్నా కొత్త వెర్షన్‌తో ఈ ప్రొఫైల్ వాడారు, కొత్త ప్రొఫైల్ చేసుకోండి అని ఒక పెట్టె వచ్చింది. బుక్‌మార్కులన్నీ పోయాయేమోనని కాసేపు టెన్షన్ పడ్డాను. విషయం చిన్నదే. పాత సిస్టంలో ఫైర్‌ఫాక్స్ చివరిదాకా అప్‌డేట్ అవుతూనే ఉంది, ఇన్‌స్టాల్ చేయడానికి వాడిన ఐఎస్ఓ ఫైల్‌లో ఉన్నదేమో నెలల కిందటి వెర్షన్. 2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఫైర్‌ఫాక్స్ ఇలా వెనక్కి వెళ్లడాన్ని అడ్డుకుంటుంది. ఆ పెట్టెని మూసేసి, అప్‌డేట్ మేనేజర్‌తో ముందు అప్‌డేట్లు వేయించి, అప్పుడు తెరిస్తే ట్యాబులతో సహా అన్నీ ఉన్నాయి. కంగారుపడి కొత్త ప్రొఫైల్ చేసుకోవద్దు, అంతే.

తర్వాత కీరింగ్, అంటే పాస్‌వర్డులు దాచే పెట్టె. కొత్త ఇన్‌స్టాలేషన్‌లో పాస్‌వర్డ్ కొత్తది పెట్టాను కదా, కీరింగ్ ఏమో పాత పాస్‌వర్డ్‌తో తాళం వేసి ఉంది. లాగిన్ అయిన ప్రతిసారీ, మీ లాగిన్ పాస్‌వర్డుకీ దీనికీ పొత్తు కుదరడం లేదంటూ అడిగేది. 'పాస్‌వర్డ్స్ అండ్ కీస్' తెరిచి, లాగిన్ కీరింగ్ మీద రైట్‌క్లిక్ చేసి, పాతది ఇచ్చి కొత్తది పెడితే వదిలింది. పాతది గుర్తులేనివాళ్లకి మాత్రం అందులో దాచినవి దక్కవు.

ఇక అసలు కథ. తెలుగు టైపింగ్ పోయింది.

మామూలుగా పోలేదు. నొక్కిన కీలని తెలుగు అక్షరాలుగా మార్చే ఐబస్ (ఇలాంటిదాన్ని ఇన్‌పుట్ మెథడ్ అంటారు), దానికి తోడు భాషల లేఅవుట్లు ఉండే ఎం17ఎన్ ప్యాకేజీ వేశాను, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ లేఅవుట్ చేర్చాను. ప్యానెల్‌లో గుర్తు ఇంగ్లీషు నుంచి తెలుగుకి మారుతోంది. నేను కీలు నొక్కుతుంటే మాత్రం ఇంగ్లీషు అక్షరాలే పడుతున్నాయి. రైటర్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, చివరికి మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో కూడా. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. అసలు పనిచేయకపోతే దేన్ని పట్టుకోవాలో తెలుస్తుంది, పనిచేస్తున్నట్టు నటిస్తే ఏం చేస్తాం?

సెర్చ్ చేస్తే దొరికే మందులన్నీ వాడాను. ఐబస్‌ని రీస్టార్ట్ చేయడం, ప్యాకేజీలు తీసేసి మళ్లీ వేయడం, ఇన్‌పుట్ మెథడ్ విండోలో ఐబస్‌ని మళ్లీ ఎంచుకోవడం, సిస్టం రీబూట్ చేయడం. ఫలితం సున్నా. అవతల పత్రిక వాళ్ల ప్రూఫు గడువు దగ్గర పడుతోంది. లినక్స్ బాగా తెలిసిన స్నేహితుడికి ఫోన్ చేస్తే, "హోం కూడా ఫార్మాట్ కొట్టి మొదటినుంచి చెయ్యి బాబూ, గంటలో అయిపోతుంది" అన్నాడు. ఆ ఫార్మాట్ వద్దనే కదా ఇంత ఏర్పాటు!

దారి చూపించింది ఒక చిన్న పరీక్ష. సిస్టంలో ఇంకో యూజర్‌ని తయారుచేసి, అందులోకి లాగిన్ అయి, ఆర్‌టీఎస్ చేర్చి టెక్స్ట్ ఎడిటర్ తెరిచాను. కీలు నొక్కగానే శుభ్రంగా తెలుగు పడింది, ఒత్తులతో సహా. అంటే ఐబస్ తప్పు కాదు, మింట్ తప్పు కాదు, ఎం17ఎన్ తప్పు అంతకన్నా కాదు. జబ్బు నా హోంలో ఉంది. ఇల్లు మారేటప్పుడు మంచంతో పాటు నల్లులూ వచ్చేసినట్టు, పాత సిస్టం నుంచి ఏదో నాతో వచ్చేసింది. రీఇన్‌స్టాల్ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ తేడా చేసినా ముందు ఈ కొత్త యూజర్ పరీక్ష చేయండి. అక్కడా పనిచేయకపోతే సిస్టం వైపు చూడాలి, పనిచేస్తే మీ ఫైళ్ల వైపు. సగం వెతుకులాట అక్కడే తగ్గిపోతుంది.

హోంలో కంట్రోల్, హెచ్ నొక్కితే చుక్కతో మొదలయ్యే దాపుడు ఫైళ్లన్నీ బయటపడతాయి. నా దాంట్లో ఎన్నడో తీసేసిన ప్రోగ్రాంల ఫోల్డర్లు కూడా ఉన్నాయి. అందరూ మొదట అనుమానించేది ప్రోగ్రాంల సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫోల్డర్‌ని. లాగౌట్ చేసి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2తో కమాండ్లు టైప్ చేసే నల్ల తెరలోకి వెళ్లి, దాని పేరు మార్చి మళ్లీ లాగిన్ అయ్యాను. డెస్క్‌టాప్ అప్పుడే పుట్టినట్టు వచ్చింది. ఆర్‌టీఎస్ చేర్చి టైప్ చేస్తే మళ్లీ ఇంగ్లీషే! దొంగ అందులో లేడు. ఫోల్డర్‌కి పాత పేరు తిరిగి పెట్టేశాను.

అప్పుడిక ఊహలు మాని, రెండు అకౌంట్లనీ పక్కపక్కన పెట్టి చూద్దామనుకున్నాను. టెర్మినల్‌లో ఎన్వ్ అనే కమాండ్ ఇస్తే ఆ సెషన్‌లో ఉన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాంలు చదువుకునే సెట్టింగులు) అన్నీ చూపిస్తుంది. కొత్త యూజర్‌లో ఒకసారి, నా యూజర్‌లో ఒకసారి ఇచ్చి, టెంప్ ఫోల్డర్‌లో రెండు ఫైళ్లుగా దాచి, తేడాలు చూపించే డిఫ్‌తో పోల్చాను. పేర్లూ దారులూ వేరుగా ఉండటం సహజం, అవి పక్కన పెడితే మూడు లైన్లు కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. ప్రోగ్రాంల విండోలు గీసే జీటీకేకి ఒకటి, క్యూటీకి ఒకటి, తెరని చూసుకునే ఎక్స్‌కి ఒకటి, మూడింటిలోనూ ఇన్‌పుట్ మెథడ్‌గా ఉన్న పేరు ఐబస్ కాదు, ఎఫ్‌సిఐటిఎక్స్.

ఎఫ్‌సిఐటిఎక్స్ కూడా ఐబస్ లాంటిదే, ఇంకో ఇన్‌పుట్ మెథడ్. పాత సిస్టంలో నేను తెలుగు టైప్ చేసింది దానితోనే. అప్పట్లో దాన్ని వేసుకునే పద్ధతిలో భాగంగా ఈ మూడు లైన్లనీ హోంలోని చుక్క ఎక్స్‌ప్రొఫైల్ అనే ఫైల్‌లో రాయాల్సి వచ్చింది. లాగిన్ అయ్యేటప్పుడు సిస్టం ఆ ఫైల్ చదివి, అందులో చెప్పినట్టు నడుచుకుంటుంది. ఇప్పుడు రూట్ కొత్తది, అందులో ఎఫ్‌సిఐటిఎక్స్ లేనే లేదు. కానీ ప్రతి ప్రోగ్రాంకీ "కీబోర్డు సంగతి ఎఫ్‌సిఐటిఎక్స్‌ని అడుగు" అన్న పాత ఆదేశం వెళ్తూనే ఉంది. లేనిదాన్ని అడిగి, జవాబు రాక, ప్రోగ్రాంలు ఇంగ్లీషు అక్షరాలు వేసేస్తున్నాయి. ఐబస్ పాపం పక్కన సిద్ధంగా కూర్చుని ఉంది, దాన్ని అడిగేవాడు లేడు.

సిస్టం పట్టించుకోకుండా మూడు లైన్ల ముందూ హ్యాష్ గుర్తు పెట్టి, లాగౌట్ చేసి, మళ్లీ లాగిన్ అయ్యాను. తెలుగు వచ్చేసింది. ప్రూఫు ఆలస్యంగానే పంపాను గానీ పంపాను.

ఇంతకీ నా కోపం ఎవరి మీద? ఆ ఫైల్ రాసినప్పుడు అది అవసరమే. కొత్త సిస్టం దాన్ని చదవడమూ న్యాయమే. హోంని ముట్టుకోవద్దని ఇన్‌స్టాలర్‌కి చెప్పింది నేనే. అయినా, పాత హోంని తగిలించేటప్పుడు "ఇందులో మునుపటి సెట్టింగులున్నాయి, చూసుకోండి" అని ఒక్క మాట అడిగితే ఏం పోయింది అనిపిస్తుంది. ఈ సంగతి ముందే చెప్పిన గైడ్ నాకు ఒక్కటీ తగల్లేదు. అందరూ లాభం దగ్గరే ఆగిపోయారు.

మొదట అంత మెచ్చుకున్నాను కదా, దాన్ని ఇప్పుడు కొంచెం తగ్గించాలి. 'అన్నీ' వస్తాయన్నది కూడా నిజం కాదు. రోజూ రాత్రి ఫైళ్లని బయటి డిస్కులోకి కాపీ చేసే క్రాన్ జాబ్ (చెప్పిన వేళకి దానంతటదే నడిచే పని) ఒకటి ఉండేది. అది నాదే అయినా అలాంటి పనుల జాబితా, క్రాన్‌టాబ్, ఉండేది హోంలో కాదు, రూట్‌లోని వార్ డైరెక్టరీలో. రూట్‌తో పాటే పోయింది. పోయినట్టు అది చెప్పదు, కాపీ ఆగిపోతుంది అంతే. రెండో డిస్కు మౌంట్ అయ్యే ఎఫ్‌స్టాబ్ లైను, ప్రింటర్, వైఫై పాస్‌వర్డులు ఇవన్నీ రూట్‌లోని ఈటీసీ ఫోల్డర్‌లో ఉంటాయి, అవీ పోతాయి. ఫార్మాట్ చేసే ముందు ఈటీసీ ఫోల్డర్‌నీ, క్రాన్‌టాబ్ లిస్టునీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవడం ఉత్తమం. మింట్‌లో ఉండే బ్యాకప్ టూల్‌తో వేసుకున్న సాఫ్ట్‌వేర్ల జాబితా కూడా దాచుకోవచ్చు. సిస్టంని పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ ఉందిగా అనుకునేవాళ్లకి ఒక మాట: మామూలు సెట్టింగుల్లో అది హోంని వదిలేసి సిస్టం ఫైళ్లనే దాస్తుంది. దానికదే మంచిది, కానీ మీ ఫైళ్లకి అది బ్యాకప్ కాదు. విడి హోం కూడా బ్యాకప్ కాదు, డిస్కు పోతే రూట్, హోం రెండూ కలిసే పోతాయి.

పైథాన్ (ప్రోగ్రాంలు రాసే భాష) సంగతి కూడా కొంత ఉంది. ప్రూఫుల్లో అదనపు ఖాళీలు, చుక్కలు సరిచేసే చిన్న స్క్రిప్టు వాడుతుంటాను. స్క్రిప్టు ఉంది, నడవలేదు. పైథాన్ లైబ్రరీలు వేసే పిప్‌తో నా అకౌంట్‌లోకి వేసుకున్నవన్నీ పైథాన్ 3.8 పేరున్న ఫోల్డర్‌లో ఉన్నాయి, కొత్త సిస్టంలో ఉన్నది 3.12, అది ఆ ఫోల్డర్ వైపు చూడను కూడా చూడదు. మళ్లీ పిప్‌తో వేయబోతే ఈ పైథాన్‌ని సిస్టం చూసుకుంటోంది, నువ్వు చేయి పెట్టొద్దంది. సిస్టంతో సంబంధం లేని విడి ఫోల్డర్ (వర్చువల్ ఎన్విరాన్‌మెంట్) చేసుకుని అందులో వేశాను. పాత 3.8 ఫోల్డర్ చాలా చోటు తినేస్తోంది, తీసేశాను.

చోటంటే గుర్తొచ్చింది. రూట్‌కి ఒకప్పుడు 30 జీబీ ఎక్కువే అనిపించింది. ఫ్లాట్‌ప్యాక్ రకం ప్రోగ్రాంలు సిస్టం మొత్తానికి వేస్తే రూట్‌లోకే వెళ్తాయి, టైమ్‌షిఫ్ట్ దాచే కాపీలు, అంటే స్నాప్‌షాట్లూ అక్కడే పడుతుంటే ఎప్పుడూ నిండిపోయినట్టే ఉంటుంది. పక్కన హోంలో బోలెడు ఖాళీ ఉన్నా వాడుకోవడానికి వీల్లేదు. ఈసారి పార్టిషన్లు కదపడానికి ధైర్యం చాల్లేదు, స్నాప్‌షాట్లని బయటి డిస్కుకి మార్చి నెట్టుకొస్తున్నాను. విడి పార్టిషన్ లేకపోయినా, మింట్ 22 ఇన్‌స్టాలర్‌లో రూట్‌కి ఫార్మాట్ టిక్ తీసేస్తే సిస్టం ఫోల్డర్లని తుడిచి హోం ఫోల్డర్‌ని ఉంచేస్తుంది. కొత్త డిస్కు కొంటే నేను ఆ దారే పడతానేమో. అందులోనూ ఈ చుక్క ఫైళ్ల గొడవ ఇలాగే ఉంటుంది లెండి.

మరి పెట్టుకోవచ్చా అంటే, నాలాగా ఏళ్లతరబడి పదాలు, ఫాంట్లు, స్టైళ్లు పోగేసుకుని వాటితోనే బతికేవాళ్లకి పనికొస్తుంది, తర్వాత ఒక పూట శుద్ధికి కేటాయించుకోగలిగితే. బ్రౌజరు, వీడియోలు తప్ప ఇంకేమీ వాడనివాళ్లకి ఇంత అవసరం లేదు. డాక్యుమెంట్లు, ఫొటోలు బయటి డిస్కులోకి తీసుకుని మొత్తం ఫార్మాట్ చేసుకుంటేనే సుఖం. ఒకే సిస్టంని ఇంట్లో ఇద్దరు ముగ్గురు వేర్వేరు అకౌంట్లతో వాడుతుంటే మాత్రం, ఇన్‌స్టాల్ అయ్యాక అకౌంట్లని ఇదివరకటి వరసలోనే తయారుచేయండి. లినక్స్ ఫైల్ సొంతదారుని గుర్తుపెట్టుకునేది పేరుతో కాదు, 1000తో మొదలయ్యే నంబరుతో. వరస తప్పితే ఒకరి ఫోల్డర్ ఇంకొకరి పేరు మీదకి వెళ్తుంది, అప్పుడు లాగిన్ కూడా సరిగా కాదు.