పాత ఫోర్ వీల్ డ్రైవ్‌తో 12 ఏళ్లు: ఆ ‘టంగ్’ ఎక్కడిది?

ఈ బండి నా చేతికి వచ్చేసరికే ముసలిది. ఆ తర్వాత ఇంకో 1,40,000 కిలోమీటర్లు తిప్పాను. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ పవర్ వెళ్లే రకం. మధ్యలో సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు), దానికో లాక్, ముందూ వెనకా బరువైన హౌసింగులు (చక్రాల మధ్య ఉండే యాక్సిల్ గేర్ల పెట్టెలు). సీట్ల గురించీ మైలేజీ గురించీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది ఇలాంటి బండి కొన్నవాళ్లను మొదటి వారంలోనే భయపెట్టే శబ్దం గురించి. యాక్సిలరేటర్ వదిలితే ‘టక్’, మళ్లీ తొక్కితే ‘టంగ్’. రివర్స్ నుంచి ఫస్ట్‌కి మార్చి క్లచ్ వదిలితే కింద ఎవరో సుత్తితో కొట్టినట్టే ఉంటుంది.

మొదటి రెండేళ్లు నేను చేసినవన్నీ తప్పులే. శబ్దం వెనకనుంచి వస్తోందనిపించి ప్రొపెల్లర్ షాఫ్ట్ (హౌసింగ్‌కు పవర్ తీసుకెళ్లే పొడవాటి కడ్డీ) చివర్లలో ఉండే మడత జాయింట్లు, అంటే క్రాసులు రెండూ మార్పించాను. తీసిన పాతవి చేతిలో పెట్టుకుని చూస్తే నిక్షేపంగా ఉన్నాయి. శబ్దమూ నిక్షేపంగా ఉంది. తర్వాత ఎవరో చెప్పారని హౌసింగ్‌లో చిక్కటి ఆయిల్ పోయించాను. చప్పుడు కాస్త మెత్తబడింది, లూజు మాత్రం వెంట్రుకవాసి తగ్గలేదు. మూడోసారి ఒక మెకానిక్ బండి కిందికి దూరి, వెనక షాఫ్ట్‌ను చేత్తో అటూఇటూ తిప్పి, "క్రౌన్ పినియన్ అయిపోయింది సార్, దించాల్సిందే" అన్నాడు. క్రౌన్ పినియన్ అంటే హౌసింగ్ లోపల షాఫ్ట్ తిరుగుడును చక్రాల వైపు మళ్లించే గేర్ల జత. షాఫ్ట్ నిజంగానే అంత తిరుగుతోంది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఆయన చూసింది నిజమే, తేల్చింది తప్పు. ఎందుకో అర్థం కావాలంటే ఒక లెక్క తెలియాలి. మా బండి హౌసింగ్ రేషియో 3.54. షాఫ్ట్ మూడున్నర చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. కాబట్టి రెండు చక్రాల దగ్గరా చెరో 3 డిగ్రీల లూజు ఉంటే, పినియన్ దగ్గరికి వచ్చేసరికి అది 10 డిగ్రీలు దాటుతుంది. చక్రం దగ్గర కంటికి ఆనని అరుగుదల, షాఫ్ట్ పట్టుకుని తిప్పేవాడికి కొండంత కనిపిస్తుంది. బాగా కదులుతున్న చోటే రోగం ఉందనుకున్నామో, ఇక అంతే.

అప్పటినుంచి ఏ పార్టు కొనాలన్నా ముందు గీతలు గీస్తున్నాను. సమతలంగా ఉన్న చోట బండి ఆపి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు గట్టిగా బిగిస్తాను. ఈ దిమ్మల విషయంలో బద్ధకం పనికిరాదు. మా బండికి హ్యాండ్ బ్రేక్ చక్రాల మీద లేదు, ముందుకీ వెనక్కీ పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ వెనకున్న డ్రమ్ము మీద ఉంది. అలాంటి బండిని హ్యాండ్ బ్రేక్ లాగేశాం కదా అని ఒక వెనక చక్రం జాకీ మీద లేపితే, గాల్లో ఉన్న చక్రం డిఫరెన్షియల్ గుండా తిరిగిపోయి బండి కదిలిపోతుంది. ఒకసారి నాకు జరిగింది. అదృష్టం బాగుండి అప్పుడు నేను కింద లేను.

దిమ్మలు పెట్టాక గేరు న్యూట్రల్, సెంటర్ లాక్ తీసి, హ్యాండ్ బ్రేక్ దించి, సీట్లో ఒకరిని కూర్చోబెట్టి కాలి బ్రేకు తొక్కించాలి. పినియన్ ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను హౌసింగ్‌కు కలిపే గుండ్రటి బిళ్ల) మీద ఒక గీత, దాని ఎదురుగా హౌసింగ్ మీద ఇంకో గీత. షాఫ్ట్‌ను ఒకవైపు ఆగేదాకా తిప్పి, తర్వాత రెండోవైపు తిప్పి, గీత ఎంత దూరం జరిగిందో స్కేలుతో కొలవాలి. నాకు 9 మి.మీ. వచ్చింది.

ఆ 9 ఎక్కడిదో పట్టుకోవడానికి వెనక చక్రం హబ్ మధ్యలో ఉండే చిన్న రబ్బరు మూత స్క్రూడ్రైవర్‌తో ఊడదీశాను. ఎదురుగా డబ్బా మీద ఫోన్ నిలబెట్టి, టార్చ్ వేసి, వీడియో ఆన్ చేసి కిందికి వెళ్లి షాఫ్ట్ తిప్పాను. బయటికొచ్చి చూసుకుంటే అంతా అందులోనే ఉంది. చక్రాన్ని తిప్పే డ్రైవ్ ఫ్లాంజ్ కదల్లేదు. దాని మధ్యలో యాక్సిల్ షాఫ్ట్ చివర మాత్రం అటూఇటూ తలాడిస్తోంది. స్ప్లైన్ల (షాఫ్ట్ చివర ఫ్లాంజ్‌లో ఇమిడే పళ్ల) సందుల్లో కుంకుమలాంటి ఎర్రటి పొడి. ఆయిల్ అందక పళ్లు ఒకదాన్నొకటి కొరుక్కుతిన్న తుప్పు అది. రెండోవైపూ అదే కథ. యాక్సిల్ షాఫ్టులు, డ్రైవ్ ఫ్లాంజులు మార్చాను. 9 కాస్తా 4కి వచ్చింది. క్రౌన్ పినియన్ను ముట్టుకోలేదు.

ఆ 4 గురించి బెంగ లేదు. కొత్త క్రౌన్, పినియన్ పళ్ల మధ్య కూడా మామూలుగా 0.1 నుంచి 0.25 మి.మీ. దాకా ఖాళీ కావాలనే వదులుతారు. లోపలి చిన్న గేర్లూ వాషర్లూ అరిగినది దానికి తోడవుతుంది. పినియన్ ఫ్లాంజ్ పైకీ కిందికీ ఊగితే మాత్రం అది వేరే సంగతి. బేరింగ్ పోయిందని అర్థం, వాయిదా వేయకూడదు.

తమాషా ఏంటంటే, ఏడో ఏట ఒక క్రాస్ నిజంగానే పోయింది, కానీ ‘టంగ్’ అనలేదు. నడక వేగంలో ‘కిచ్ కిచ్’ అని పిచ్చుకలా కూసింది. గ్రీజు గన్ పెడితే క్రాస్ నాలుగు చివర్లకుండే కప్పుల్లో మూడింట్లోంచి గ్రీజు బయటికి వచ్చింది, నాలుగోది ఎండిపోయి ఉంది. విప్పితే లోపలి సూది బేరింగులు ఎర్రటి పిండిలా రాలాయి. కొత్తది వేసేటప్పుడు, షాఫ్ట్ పొడవు సర్దుకునే స్లిప్ జాయింట్‌కు గుర్తు పెట్టుకోలేదు. రెండు చివర్లా క్రాసులను పట్టుకునే యోకులు ఒకే వరసలో లేకుండా బిగించేశాం. కొత్త క్రాస్ వేశాక బండి కొత్తగా వణకడం మొదలుపెట్టింది! మళ్లీ విప్పి సరిచేయాల్సి వచ్చింది.

ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చిరిగినా అచ్చం ఇదే చప్పుడు వస్తుంది. బానెట్ తెరిచి, లోపల ఒకరు బ్రేకు మీద కాలుంచి క్లచ్ కొంచెం కొంచెంగా వదులుతుంటే పక్కనుంచి చూడాలి, ఎదురుగా నిలబడి కాదు. ఇంజన్ లేచి పడుతోందంటే దొంగ దొరికినట్టే.

మిగిలింది సెంటర్ డిఫరెన్షియల్. వదులు మట్టి మీద లాక్ వేసి నడిపితే శబ్దం సగానికి పైగా తగ్గుతుంది. లాక్ వేసినప్పుడు లోపలి గేర్ల లూజు లెక్కలోకి రాదు కాబట్టి, ఆ తగ్గిన చప్పుడు అక్కడిదే. తెలిసీ వదిలేశాను. పాదం మెల్లగా ఎత్తడం అలవాటైంది, ఇప్పుడు ఆ ‘టక్’ నాకు పెద్దగా వినపడదు, పక్కన కూర్చున్నవాళ్లకే వినపడుతుంది. గేర్ బాక్స్ ఇంతవరకు విప్పింది లేదు. పాత బండి కొనే ఆలోచన ఉంటే ఈ రకాన్ని నిరభ్యంతరంగా కొనండి, కాకపోతే కింద పడుకోవడానికి సిద్ధపడి కొనండి. హౌసింగ్ ఆయిల్ మార్చినప్పుడల్లా నేను ఆ గీత కొలుస్తున్నాను. ఆరేళ్లు దాటింది, ఇంకా 4 దగ్గరే ఉంది.