లెవెల్ పెట్టనక్కరలేని రికార్డర్: బుర్రకథ వంతల గొంతులు నమోదు చేసిన అనుభవం

ఈ రికార్డర్ బరువు, బ్యాటరీలు, మెమరీ కార్డు వంటి వివరాలు కొనబోయేవారికి ముందే తెలిసి ఉంటాయి కనుక వాటి జోలికి వెళ్లడం లేదు. దాదాపు రెండేళ్లుగా దీనిని సంచిలో పెట్టుకుని గుంటూరు, తెనాలి, మంగళగిరి చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతున్నాను. జీవితమంతా వేదిక మీదో, వేదిక వెనుకో గడిపినా చరిత్ర పుస్తకాలలో పేరు లేని మనుషుల మాటలను నమోదు చేసి, ఒక తెలుగు పాడ్‌కాస్టులో వినిపించడం నా పని. ఆ పనిలో ఈ యంత్రం చేసిన మేలంతా ఒక్క సదుపాయం దగ్గరే ఉంది. దానిని 32-బిట్ ఫ్లోట్ అంటారు. ఎదుటి మనిషి గుసగుసలాడతారో, గొంతెత్తి పాడతారో ముందుగా ఊహించి లెవెల్ (శబ్దాన్ని ఎంత స్థాయిలో పట్టాలన్నది) పెట్టవలసిన అవసరం ఇందులో ఉండదు. ఇటువంటి రికార్డర్లను ఇప్పుడు ఒకటికి మించిన కంపెనీలు తయారు చేస్తున్నాయి కనుక, ఫలానా కంపెనీ అని చెప్పకుండా ఆ సదుపాయం గురించే రాస్తున్నాను.

స్టూడియోలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే స్థాయిలో మాట్లాడుకునే పాడ్‌కాస్టులకు ఇది పెద్ద విషయంగా కనిపించకపోవచ్చు. మా ప్రాంతపు వృద్ధ కళాకారుల దగ్గర పరిస్థితి వేరు. వారు ఒక సంగతి చెప్పి ఊరుకోరు, చేసి చూపిస్తారు. పద్యనాటకంలో కృష్ణుడి వేషం కట్టిన పెద్దాయన తెనాలి రామవిలాస సభ అనే నాటక సంస్థ గురించి తన గురువుల నోట విన్న కబుర్లు నెమ్మదిగా చెబుతూ చెబుతూ, ఉన్నట్టుండి పద్యం ఎత్తుకుంటారు. మైకులు లేని రోజుల్లో పందిరి చివర నేల మీద కూర్చున్నవారికి సైతం అక్షరం అక్షరం వినబడేలా సాధన చేసినవారి దగ్గర నేర్చుకున్న గొంతు అది. బాపట్లలో పుట్టి, స్త్రీ పాత్రలతో పేరు పొంది, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు గురించి, సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య గురించి చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. వారి వంటివారి పక్కన హార్మోనియం వాయించినవారి గురించి, తెర లాగినవారి గురించి, పెట్రోమాక్స్ లైట్లు మోసినవారి గురించి చెప్పేవారు లేరు. నేను వెళ్లేది వీరి ఇళ్లకే.

అంతకు ముందు వాడిన సాధారణ రికార్డరులో గెయిన్, అంటే మైకు నుంచి వచ్చే శబ్దాన్ని ఎంత పెంచాలన్నది, ముందే పెట్టుకోవాలి. మాటకు సరిపోయేలా పెడితే, పాట వచ్చేసరికి శబ్దం యంత్రం పట్టగలిగిన గరిష్ఠ స్థాయిని దాటి పగిలిపోతుంది. పైన కోసుకుపోయిన తరంగాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తిరిగి తీసుకురాలేదు. పాటను దృష్టిలో పెట్టుకుని తక్కువగా పెడితే, తరువాత మాటను పెంచినప్పుడు దాని వెనుక ఉన్న హిస్ (సన్నని రొద) కూడా పెరుగుతుంది. మధ్యలో లేచి బటన్లు తిప్పవచ్చు కదా అంటారు. ఎనభై ఏళ్లు దాటిన మనిషి తన జ్ఞాపకంలో మునిగి ఉన్నప్పుడు ఎదురుగా ఉన్నవారు యంత్రం వైపు చూస్తే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. ఒకసారి ఆగిన మాటను మళ్లీ చెప్పమంటే సారాంశం చెబుతారే తప్ప జరిగినది జరిగినట్టు చెప్పరు.

ఈ సదుపాయం విలువ నాకు పూర్తిగా తెలిసింది తెనాలి దగ్గర ఒక ఊరిలో, బుర్రకథ దళంలో వంతగా, అంటే కథకురాలి పక్కన నిలబడి పాడే మనిషిగా, పనిచేసిన ఒక మామ్మగారి ఇంట్లో. బుర్రకథ అనగానే పొన్నెకల్లులో పుట్టి 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ పేరు వస్తుంది. అది న్యాయమే. ఆ కళకు ప్రజానాట్యమండలి వేదికల మీద కొత్త ఊపిరి పోసినవారు ఆయన. అయితే 1940లలోనే మోటూరి ఉదయం వంటివారు స్త్రీలతో బుర్రకథ దళం కట్టి, మగవారి కళగా పేరుబడిన దానిని వేలమంది ముందు చెప్పి ఒప్పించారన్న సంగతి ఎంతమందికి గుర్తుంది? ఆ తరువాతి దశాబ్దాలలో శ్రీరామనవమి పందిళ్లలోనూ, తిరునాళ్లలోనూ, కుటుంబ నియంత్రణ ప్రచారాలలోనూ కథ చెప్పిన స్త్రీల దళాల గురించి దొరికే సమాచారం ఇంకా తక్కువ. అందులోనూ తంబూరా పట్టి మధ్యలో నిలబడిన కథకురాలి పేరు కరపత్రం మీద ఉంటుంది కానీ, ఇరువైపులా డక్కీలు వాయిస్తూ వంత పాడిన ఇద్దరి పేర్లు ఉండవు. ఈ మామ్మగారు హాస్యం చెప్పే వంత.

రికార్డరును పీట మీద పెట్టి, మీట నొక్కి, దాని సంగతి మరిచిపోయాను. ఆమె చాలాసేపు ప్రయాణాల గురించి చెప్పారు: తెల్లవారుజామున మొదటి బస్సు కోసం ఎదురుచూడడం, గుడి మండపంలోనో బడి వసారాలోనో పడుకోవడం, చంటిబిడ్డను వేదిక వెనుక ఎవరికో అప్పగించి ముందుకు రావడం, డబ్బు పంపకంలో కథకురాలిది పెద్ద వాటా కావడం. తరువాత గొంతు బాగా తగ్గించారు. పక్క గదిలో కోడలు, మనవలు ఉన్నారు. కథ మధ్యలో జనంలోంచి మగవాళ్లు తమ మీద విసిరిన మాటలు ఎటువంటివో ఆమె నాకు దాదాపు చెవిలో చెప్పినంత నెమ్మదిగా చెప్పారు. ఇంట్లోవాళ్ల ముందు ఆ మాటలు ఎన్నడూ పలకలేదట. నాకే కష్టంగా వినిపించాయి. రికార్డరు మా ఇద్దరికీ మధ్య మూరెడు దూరంలో ఉంది.

"అప్పుడు నేనేం చేసేదాన్నో చూడు అమ్మాయ్" అంటూ ఆమె లేచారు. గూట్లో ఉన్న డక్కీ తీసి చంకకు తగిలించుకున్నారు. కథకురాలు అడిగే ప్రశ్నను తామే వేసుకుని, ఆ వదరుబోతును కథలోని పాత్రగా మార్చి, ఊరి జనమంతా అతనివైపు తిరిగి నవ్వేలా జవాబు చెప్పి, ఆ జవాబు చివర డక్కీ మీద దెబ్బ వేసి, "తందాన తాన" అని ఎత్తుకున్నారు. రేకుల కప్పు ఉన్న చిన్న గది అది. కోడలు, మనవలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆ జవాబును ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఏ కథకురాలూ రాసి ఇవ్వలేదు. రాత్రికి రాత్రి, ఊరికి తగినట్టు, అప్పటికప్పుడు కట్టుకున్నది. వేదిక మీద ఆడదానికి ఎదురయ్యే అవమానాన్ని ఎదుర్కోవడానికి ఆ తరం స్త్రీలు తమ కళలోనే ఒక పద్ధతి సిద్ధం చేసుకున్నారని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంటికి వచ్చి ఫైలును కంప్యూటరులో తెరిచినప్పుడు డక్కీ దెబ్బల దగ్గర తరంగాలు గీత దాటి పైకి పోయి కనిపించాయి. పాత రికార్డరులో అయితే అక్కడితో ఆ భాగం పనికిరానిదయ్యేది. ఇక్కడ ఆ భాగాన్ని 15 డెసిబెల్స్ తగ్గించగానే డక్కీ దెబ్బ, దాని వెంట వచ్చే గుమ్మనే నాదం, దానిపైన ఆమె గొంతు మూడూ విడివిడిగా వినిపించాయి. గుసగుసల భాగాన్ని అదే ఫైలులో పైకి తెస్తే ఒక్క మాట కూడా పోలేదు. లోపల జరిగేది పెద్ద రహస్యం కాదు. ఇటువంటి యంత్రాలలో సన్న శబ్దాల కోసం ఒకటి, పెద్ద శబ్దాల కోసం ఒకటి చొప్పున శబ్దాన్ని అంకెలుగా మార్చే రెండు కన్వర్టర్లు ఏకకాలంలో పనిచేస్తాయి. ఆ రెండింటి ఫలితాన్ని ఫ్లోట్ పద్ధతిలో దాచడం వల్ల లెవెల్ నిర్ణయాన్ని ఎడిటింగు దాకా వాయిదా వేయవచ్చు. నా అనుభవంలో ఆ వాయిదాయే అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే రికార్డింగు సమయంలో నా కళ్లు మీటరు మీద కాకుండా మనిషి మీద ఉంటున్నాయి.

ఇదంతా చదివి ఈ యంత్రం ఉంటే చాలు, ఎక్కడైనా ఎలాగైనా నమోదు చేయవచ్చు అనుకోకూడదు. శబ్దం ఎంత పెద్దదన్న చిక్కును మాత్రమే ఇది తీరుస్తుంది. ఏ శబ్దం లోపలికి వస్తున్నదన్న చిక్కు అలాగే ఉంటుంది. మే నెలలో విజయవాడలో, గుంటూరులో ఫ్యాను ఆపి వృద్ధులను గంటసేపు మాట్లాడించడం అమానుషం. ఫ్యాను తిరిగితే ఆ గాలి చప్పుడు గుసగుసల వెనుక చేరుతుంది, గుసగుసను పెంచితే అదీ పెరుగుతుంది. అందుకే ఇప్పుడు ముఖ్యమైన సంభాషణలను డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టుకుంటున్నాను. ఎండాకాలంలో తప్పకపోతే చీర కొంగుకో చొక్కాకో పెట్టే చిన్న మైకును ఈ రికార్డరుకే తగిలిస్తున్నాను. అలా తగిలించినప్పుడు మాట స్పష్టంగా వస్తుంది కానీ, లేచి ఆడిపాడేవారికి ఆ తీగ అడ్డం. రేకుల గదిలో పుట్టే ప్రతిధ్వనికి కూడా దీని దగ్గర మందు లేదు.

గాలి సంగతీ అంతే. ఒక పడవ గ్రంథాలయం కథ కోసం కాలువ గట్టుకు వెళ్లినప్పుడు అది తెలిసింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన తరువాత పుస్తకాన్ని పల్లెకు చేర్చడానికి జరిగిన ప్రయత్నాలలో, 1935లో పాతూరి నాగభూషణం నడిపిన పడవ గ్రంథాలయం ఒకటి. పెదపాలెం సేవాశ్రమ వాణీమందిరం తరఫున పుస్తకాల పెట్టెలతో ఆ పడవ పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో తిరిగేది. ఒడ్డున ఉన్న ఊళ్లవారు చదివినవి ఇచ్చి కొత్తవి తీసుకునేవారు. దాని గురించి ఒక భాగం చేయాలని కాలువ గట్టు మీదనే ఒక పెద్దాయనతో మాట్లాడాను. మైకుకు నేరుగా తగిలిన గాలి మాటను మింగేసింది, తరువాత ఎంత తగ్గించినా పెంచినా మాట బయటికి రాలేదు. మైకుకు గాలి తగలకుండా బొచ్చు తొడుగు వేసుకుని మరోసారి వెళ్లవలసి వచ్చింది. ఆ తొడుగు యంత్రంతో రాదు, విడిగా కొనుక్కోవాలి.

ఫైళ్లు పెద్దవి. 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో గంటకు దాదాపు 1.4 జీబీ అవుతుంది. పైగా మామ్మగారి మనవడు అడిగితే పంపిన అసలు ఫైలు అతని ఫోనులో తెరుచుకోలేదు. ఎంపీ3గా మార్చి పంపాను. కంప్యూటరు, ఎడిటింగు అలవాటు లేనివారికి ఈ అదనపు పని చికాకు కలిగిస్తుంది. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఎడిటింగు సాఫ్ట్‌వేరు ఈ ఫైళ్లను ఇబ్బంది లేకుండా తెరుస్తుంది కనుక ఖర్చు మాత్రం లేదు.

నేను ఇంత మెచ్చుకుంటున్న గుణం నా శ్రోతలకు పూర్తిగా చేరడం లేదన్నది అన్నిటికంటే ముఖ్యమైన విషయం. పాడ్‌కాస్టు వినేవారిలో ఎక్కువమంది బస్సులో, వంటింట్లో, నడకలో వింటారు. గుసగుసకూ డక్కీకీ మధ్య ఉన్న సహజమైన అంతరాన్ని అలాగే ఉంచితే, మాట వినబడక వాల్యూమ్ పెంచుకున్న మనిషి చెవిలో డక్కీ పేలుతుంది. అందువల్ల విడుదల చేసే ప్రతిలో ఆ అంతరాన్ని కంప్రెషన్‌తో (పెద్ద శబ్దాలను అణచి, చిన్నవాటికి దగ్గర చేసే పద్ధతితో) చాలావరకు తగ్గించవలసి వస్తున్నది. అంటే రికార్డరు కాపాడిన దానిలో కొంత భాగాన్ని చివరి మెట్టులో నేనే కుదిస్తున్నాను. అయినా పగిలిపోయిన శబ్దాన్ని కుదించడానికీ, చక్కగా ఉన్న శబ్దాన్ని కుదించడానికీ చాలా తేడా ఉంది. అసలు ఫైళ్లను రెండు హార్డ్ డిస్కులలో వేరువేరు చోట్ల దాస్తున్నాను. బుర్రకథ వంతల వాయిద్యం మీద ఎవరైనా రేపు పరిశోధన చేస్తే వారికి కావలసింది ఆ ఫైళ్లే, నా పాడ్‌కాస్టు భాగం కాదు.

కొనవచ్చా అని అడిగేవారికి ఒకే జవాబు చెప్పలేను. కూర్చుని మాట్లాడే మనుషులను, మూసిన గదిలో, ఎదురుగా నమోదు చేసేవారికి ఫోనూ, చొక్కాకు పెట్టే మంచి మైకూ సరిపోతాయి. ఆ మిగిలిన డబ్బును ప్రయాణాలకు ఖర్చు పెట్టడం మేలు. శబ్దం చూసుకునే మనిషి వెంట ఉన్నవారికి కూడా ఇది తప్పనిసరి కాదు. నేను ఒక్కదాన్నే వెళతాను, ప్రశ్నలు అడిగేదీ యంత్రం చూసుకునేదీ నేనే, నేను కలిసేవారిలో చాలామంది మాట మధ్యలో లేచి పాడతారు. ఈ మూడూ కలిసిన చోట దీనికి పెట్టిన డబ్బు నాకు బరువనిపించలేదు. బొచ్చు తొడుగుకూ, చిన్న మైకుకూ అయ్యే ఖర్చును కూడా ధరలో కలుపుకునే లెక్క వేసుకోండి.