చంద్రగిరి నుంచి పులికాట్ దాకా: రాణుల జాడ పట్టుకుని రెండు రోజులు

తిరుపతికి వచ్చినవాళ్ళు దర్శనం అయ్యాక చేతిలో మిగిలిన రోజును కాణిపాకానికో కాళహస్తికో ఇచ్చేస్తారు. అందులో తప్పేం లేదు. చరిత్ర మీద మోజు ఉన్నవాళ్ళకు మాత్రం ఇంకో దారి ఉంది. చంద్రగిరి కోటలో మొదలుపెట్టి, ఆరణియారు నది వెంబడి తూర్పుకు దిగి, పులికాట్ పాత రేవుకు చేరే దారి అది. వరస మాత్రం తప్పకూడదు, ముందు విజయనగర రాయల చివరి రోజుల రాజధాని చంద్రగిరి, తర్వాతే రేవు. తిన్నగా పులికాట్‌కు పోతే కనబడేది ఒక చేపల పల్లె, నాలుగు సమాధులు, ముళ్ళకంప. చంద్రగిరి చూసి పోతే ఆ ముళ్ళకంప కింద ఏముందో తెలుస్తుంది.

ఎటూ కొండెక్కుతారు కాబట్టి తిరుమల నుంచే మొదలుపెట్టుకోవచ్చు. మహాద్వారం దాటి లోపలికి అడుగు పెట్టగానే వచ్చేది కృష్ణరాయ మండపం. కుడిపక్క కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు. భుజాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. ఎడమపక్క రాతి విగ్రహాలు అచ్యుతరాయలవీ ఆయన రాణి వరదాజి అమ్మవీ. వాళ్ళ దగ్గరే రాగి విగ్రహంగా నిలబడినవాడు, తర్వాతి రోజుల్లో చంద్రగిరి నుంచి ఏలిన వెంకటపతి రాయలు. ఆయన పక్కన రాణి లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పులికాట్‌లో పనికొస్తుంది. క్యూ తోసుకుపోతుంది, ఆగనివ్వరు, ఫోన్ లోపలికి రాదు. అందుకే ఎటు చూడాలో ముందే తెలుసుకుని వెళ్ళాలి. దొరికేది పది సెకన్లు.

రోజూ రాత్రి ఏకాంత సేవలో బంగారు ఊయల మీద పవళించే చిన్న వెండి మూర్తి, భోగ శ్రీనివాసుడు, ఒక స్త్రీ ఇచ్చిన కానుక. ఆమె పేరు సామవై, కాడవన్ పెరుందేవి అని ఇంకో పేరు. పల్లవ వంశపు రాణి. ఏ ఏడు ఇచ్చిందన్న దానిమీద పండితుల్లో రెండు మాటలున్నాయి, 614 అని కొందరు, 966 అని కొందరు. ధనుర్మాసంలో మాత్రం ఆ సేవ కృష్ణమూర్తికి జరుగుతుంది. సేవ చివర్న పాడేదీ పట్టేదీ ఏమిటో తిరుపతిలో ఎవర్నడిగినా చెబుతారు: తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి. ఆ హారతి తరిగొండ వెంగమాంబది. 1730లో పుట్టి 1817లో పోయిన ఆమె పద్య కావ్యాలు, ద్విపదలు, యక్షగానాలు రాసింది. 'వెంకటాచల మాహాత్మ్యం' ఆమెదే. కొండ మీద అన్నప్రసాదం తిన్న ప్రతివాళ్ళూ ఆమె పేరు పెట్టిన భవనంలోనే తింటారు గానీ, ఆమె బృందావనం దాకా నడిచేది వందలో ఒక్కరుంటే గొప్ప. గుడికి ఉత్తరాన, హైస్కూలు ఆవరణలో ఉంది. పది నిమిషాల నడక, జనం ఉండరు. ఆమె సొంత ఊరు తరిగొండ గుర్రంకొండ దగ్గర. తిరుపతి నుంచి పడమరకు నూరు కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని ఈ రెండు రోజుల్లో ఇరికించొద్దు, దిక్కే వేరు.

చంద్రగిరి తిరుపతికి పదిహేను కిలోమీటర్ల లోపే. బస్టాండు నుంచి బస్సులకు కరువు లేదు. బస్సు దిగాక కోటకు ఆటో పట్టాలి. శుక్రవారం మ్యూజియంకు సెలవు. చాలామంది శుక్రవారమే వచ్చి తలుపులు చూసి వెనక్కి పోతారు. రాజమహల్ మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నం తప్ప కప్పుల్లో కలప వాడకుండా కట్టిన కట్టడం. మ్యూజియం అందులోనే ఉంది. దాని పక్కన చిన్నది రాణీమహల్. పేరు చూసి రాణివాసం అనుకుని ఊహల్లోకి పోకండి. కింది అంతస్తు చూస్తే గుర్రాలు కట్టడానికి సరిపడేలా ఉంటుంది. పేరు తర్వాత వాళ్ళు పెట్టుకున్నదే అయ్యుండాలి. నిజంగా ఒక రాణి చేతి కింద ఉన్న చోటు చూడాలంటే పులికాట్ పోవాలి.

1639లో చెన్నపట్నం కోటకు ఇంగ్లీషువాళ్ళకు చోటు రాసిచ్చిన సంతకం ఈ మహల్లోనే పడిందని గైడ్లు చెబుతారు. పట్టా ఇచ్చిన దామెర్ల వెంకటప్ప నాయకుడు చంద్రగిరి రాయల కింది నాయకుడన్నంత వరకు నమ్మొచ్చు. ఆ కాగితమే తర్వాత పులికాట్ నోట్లో మట్టి కొట్టింది. కోటకు గంటన్నర చాలు. పొద్దున పదింటికే లోపల ఉండేలా చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటితే ఆ బండల మీద నిలబడలేరు.

ఇక తూర్పు దారి. తిరుపతి నుంచి పుత్తూరు, నారాయణవనం, పిచ్చాటూరు, నాగలాపురం, సురుటుపల్లి, ఊత్తుకోట, పెరియపాళెం, పొన్నేరి, అక్కడ్నుంచి పులికాట్. అంతా కలిపి సుమారు 130 కిలోమీటర్లు, ఆగకుండా పోయినా మూడు గంటల పైనే. పిచ్చాటూరు దాటాక ఆరణియారు మీకు తోడొస్తుంది. ఆ నది పోయి కలిసేది పులికాట్ సరస్సులోనే కాబట్టి దారి తప్పే పని లేదు.

ఈ దారిలో తప్పకుండా దిగాల్సింది నాగలాపురంలో. కృష్ణదేవరాయలు తల్లి నాగలాదేవి పేరు మీద వెలిసిన ఊరు. ఒక చక్రవర్తి తల్లి పేరు ఊరి పేరుగా ఇన్ని వందల ఏళ్ళు నిలవడం మన జిల్లాలో ఇంకోచోట చూడం. వేదనారాయణ స్వామి గుడిలో మూలవిరాట్టు మత్స్యావతారం, నడుము కింద చేప రూపం. మార్చి నెలలో సూర్యపూజ జరుగుతుంది. సాయంత్రం వేళ పొద్దు కిరణాలు వరసగా మూడు రోజులు పాదాల మీద, నాభి మీద, తల మీద పడతాయి. ఆ మూడు రోజులూ జనం కిక్కిరిసి ఉంటారు, కిరణం కంటే ముందున్నవాళ్ళ వీపులే ఎక్కువ కనబడతాయి. మామూలు రోజుల్లో గుడి నెమ్మదిగా చూసుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త, మధ్యాహ్నం మూసేస్తారు. పదకొండున్నర లోపు చేరలేమనుకుంటే, వచ్చిన దారినే తిరుపతికి తిరిగొచ్చేవాళ్ళు నాగలాపురం తిరుగుదారిలో పెట్టుకోవడం మేలు. సురుటుపల్లిలో పడుకున్న శివుడు దారి పక్కనే, అరగంట పని.

టాక్సీ మాట్లాడుకునేవాళ్ళకు ఒక మాట. ఊత్తుకోటతో తమిళనాడు మొదలవుతుంది. మన బండికి ఆ రాష్ట్రం పర్మిట్ కట్టాలి. రేటు మాట్లాడేటప్పుడే పర్మిట్, టోల్, డ్రైవర్ బత్తా కలిపే చెప్పావా అని అడగండి. అడక్కపోతే సరిహద్దు దగ్గర బండి ఆగుతుంది, లెక్క మళ్ళీ మొదలవుతుంది. బండి లేనివాళ్ళు సూళ్ళూరుపేట పోయి, చెన్నై వైపు వెళ్ళే మెము రైలెక్కి పొన్నేరిలో దిగొచ్చు. అక్కడ్నుంచి పులికాట్‌కు బస్సులు, షేర్ ఆటోలు ఉంటాయి. ఖర్చు తక్కువ, కానీ నాగలాపురం పోతుంది. నన్నడిగితే నలుగురు కలిసి బండి మాట్లాడుకోవడమే దీనికి సరి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వార్త వస్తే మాత్రం ప్రయాణం వాయిదా వేయండి. ఆరణియారుకు నీళ్ళొస్తే పల్లపు రోడ్లు ముందు మునుగుతాయి.

పులికాట్‌ను తమిళంలో పళవేర్కాడు అంటారు, మన పాతవాళ్ళు ప్రళయకావేరి అనేవాళ్ళు. సరస్సులో ఎక్కువ భాగం మన వైపే ఉన్నా, రేవు ఊరు మాత్రం దక్షిణ కొసన తమిళనాడులో పడింది. తెలుగు అర్థమయ్యేవాళ్ళు దొరుకుతారు. విజయనగరం కాలంలో ఇక్కణ్ణుంచి అద్దకం, కలంకారీ గుడ్డలు ఓడలెక్కి తూర్పు దీవులకు పోయేవి, మసాలా దినుసులు వెనక్కి వచ్చేవి. పోర్చుగీసులు ముందొచ్చారు. 1610లో వెంకటపతి రాయల అనుమతితో డచ్చివాళ్ళు కోఠీ, అంటే వ్యాపార కేంద్రం, పెట్టారు. అప్పుడు ఈ రేవు ఆయన రాణి ఏలుబడిలో ఉండేది. ఆమె పేరు ఎరైవి అని చెబుతారు. 1612లో పోర్చుగీసులు వచ్చి కోఠీని ధ్వంసం చేశాక, ఇక్కడ కోట ఉండాల్సిందేనని మొదలుపెట్టించింది ఆమె. 1613కల్లా పూర్తిచేసి గెల్డ్రియా అని తమ దేశంలోని గెల్డర్లాండ్ ప్రాంతపు పేరు పెట్టుకున్నది డచ్చివాళ్ళు. కోట పేరు గూగుల్ మ్యాపులో ఉంది. రాణి పేరు ఊళ్ళో ఏ బోర్డు మీదా కనబడదు. తిరుమల మండపంలో వెంకటపతి పక్కన ఖాళీ చూశారు కదా, ఆ ఖాళీలో నిలబడాల్సినవాళ్ళలో ఈమె ఒకరు.

కోటలో ఇప్పుడు చూడ్డానికి పెద్దగా ఏమీ లేదని ముందే చెప్పేస్తే నయం. అగడ్త గుర్తులు, మట్టి దిబ్బ, దానిమీద దట్టంగా అల్లుకున్న ముళ్ళకంప. బూట్లు, పొడుగు ప్యాంటు లేకుండా లోపలికి దిగొద్దు, పాముల భయం కూడా ఉంది. పావుగంటలో చుట్టూ తిరిగి వచ్చేయొచ్చు. ఎక్కువ సమయం ఇవ్వాల్సింది డచ్చి శ్మశానానికి. గేటుకు తాళం ఉంటే పక్క ఇళ్ళలో అడగండి. ద్వారానికి అటూ ఇటూ రెండు రాతి అస్థిపంజరాలు చెక్కి ఉన్నాయి, చావు కాపలా కాస్తున్నట్టు. లోపల పెద్ద పెద్ద నల్లరాతి పలకలు. వాటిమీద అక్షరాలు గుంటగా చెక్కినవి కావు. చుట్టూ రాయిని తొలిచేసి అక్షరాన్ని పైకి ఉబ్బెత్తుగా నిలబెట్టారు. వేలితో తడిమితే తెలుస్తుంది. పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఏటవాలు ఎండ పడితే ప్రతి గీతా లేచి కనబడుతుంది. మిట్టమధ్యాహ్నం పోతే నల్లరాయి మాత్రమే. ఆ పనితనం చూస్తే చేసింది ఇక్కడి శిల్పులేనని ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ పలకల కింద ఉన్నవాళ్ళ వ్యాపారం గుడ్డలతో ఆగలేదు. కరువు కాలాల్లో మనుషుల్ని కొని బటేవియాకు (ఇప్పటి జకార్తా) ఓడల్లో పంపింది కూడా ఈ రేవు నుంచే. ఆ ఆడవాళ్ళకూ పిల్లలకూ రాతి పలకలు లేవు. 1690లో డచ్చివాళ్ళు తమ ముఖ్య స్థానాన్ని నాగపట్నానికి మార్చుకున్నారు. చెన్నపట్నం పెరిగింది, పులికాట్ చేపలకు మిగిలింది.

ఊళ్ళో ముస్లిం ఆడవాళ్ళు తాటాకుతో అల్లే బుట్టలు, పెట్టెలు కొనదగినవి. మూత తీసి పెట్టి చూడండి. బిగుతుగా కూర్చుని గాలి చప్పుడుతో ఊడితే మంచి అల్లిక. రంగు వేసినవి తడిగుడ్డతో రుద్ది చూడాలి, కొన్ని చెయ్యంటుకుంటాయి. రొయ్యలు, పీతలు కావాలంటే పొద్దున్నే రేవు దగ్గరికి పోవాలి. పదింటికి పోతే మిగిలింది, మంచు పెట్టింది అమ్ముతారు.

పడవ విషయంలో మొహమాటం వద్దు. 2011 డిసెంబరు 25న ఇక్కడే షికారు పడవ తిరగబడి 22 మంది పోయారు. సరస్సు చూడ్డానికి చెరువులా నిమ్మళంగా ఉంటుంది గానీ, సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర పాటు నీళ్ళు సముద్రంలోకి లాగేస్తాయి. చేపల పడవ వాడు పదిమందిని ఎక్కించుకుని ముఖద్వారం దాకా తీసుకుపోతానంటే వద్దనండి. లైఫ్ జాకెట్ లేని పడవ రేటు ఎంత తక్కువైనా ఎక్కకూడదు. నీళ్ళ మీద తిరగాలన్న సరదా ఉంటే తిరుగుదారిలో తడ దగ్గర భీమునివారిపాళెంలో చూసుకోవచ్చు.

రాత్రి పులికాట్ ఊళ్ళో ఉండాలనుకోవద్దు, కుటుంబంతో వచ్చినవాళ్ళకు అసలే కుదరదు. సూళ్ళూరుపేట దాకా వచ్చేస్తే లాడ్జీలు, హోటళ్ళు ఉన్నాయి. శ్రీహరికోట రాకెట్ కేంద్రం (షార్) ఉద్యోగుల రాకపోకల వల్ల గదులు ఓ మోస్తరు శుభ్రంగానే ఉంటాయి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో, జనవరిలో ఫ్లెమింగో పండుగ పెట్టినప్పుడు గది దొరకదు. తేదీలు చూసుకుని కదలండి. ఈ హడావిడి అంతా వద్దనుకుంటే తిరుపతికే తిరిగొచ్చి పడుకోవచ్చు. బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం ఉన్నాయి. రెండింట్లోనూ గదులు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, ఆధార్ ఒరిజినల్ చేతిలో ఉండాలి. అప్పటికప్పుడు కౌంటర్ దగ్గర దొరికితే అదృష్టం.

రెండో రోజు పొద్దున నేలపట్టు పక్షుల కేంద్రం. అక్టోబరు నుంచి మార్చి దాకా అయితేనే. చెరువు నీళ్ళలో నిలబడ్డ కడప అనే చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి ఉంటాయి. ఏడింటికి చేరితే పిల్లలకు మేత పెట్టడం చూస్తారు. రాజహంసలు ఇక్కడ కాదు, సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకు అటూ ఇటూ లోతు తక్కువ నీళ్ళలో దిగుతాయి. దుర్భిణి లేకపోతే దూరంగా గులాబి రంగు గీత మాత్రమే.

అక్కడ్నుంచి నాయుడుపేట మీదుగా శ్రీకాళహస్తి. దర్శనం చేసుకున్నా చేసుకోకపోయినా కలంకారీ పనివాళ్ళ ఇళ్ళకు పోండి. పులికాట్ ఓడలెక్కిన గుడ్డల పని ఎలాంటిదో ఇంకా కళ్ళకు కనబడే చోటు ఇదే. ఇప్పుడు కలం పట్టేవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. గుడ్డను కరక్కాయ కలిపిన గేదె పాలల్లో నానబెట్టి ఆరబెడతారు. పాలల్లో జిడ్డు ఉంటేనే రంగు పక్కకు పాకకుండా గీసినచోటే నిలుస్తుంది. పాలు పల్చనైతే గీత చెదిరిపోతుంది. నలుపుకు కసిమి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో పోసి దాదాపు మూడు వారాలు పులియబెడతారు. కలం తగలగానే అది లేత బూడిద రంగులో ఉంటుంది, కరక్కాయతో కలిసి కళ్ళ ముందే నల్లబడుతుంది. ఎరుపుకు ముందు పటిక నీళ్ళతో గీసి తర్వాత రంగులో ఉడికిస్తారు.

గుడి దగ్గరి దుకాణాల్లో కలంకారీ అని అమ్మేవాటిలో స్క్రీన్ ప్రింట్లు చాలా ఉంటాయి. ఒకే గుడ్డలో రెండుసార్లు వచ్చిన పువ్వును పక్కపక్కన పెట్టి చూడండి. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అది చేతి పని కాదు. చేతి గీతలో కలం ఆనిన చోట లావు, ఎత్తిన చోట సన్నం ఉంటుంది. కొత్త గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంటే పాల వాసన ఇంకా వస్తుంది. ఇంటికి తెచ్చాక మొదటిసారి విడిగా చన్నీళ్ళలో జాడించి నీడలో ఆరేయాలి. సర్ఫ్ వేస్తే మూడు వారాల కసిమి ఒక్క పూటలో పోతుంది.