ఓడిన పార్టీకి కొత్త నాయకుడు: వెంటనేనా, కొన్నాళ్లు ఆగా?

ఫలితాలు వచ్చిన రాత్రే మొదలవుతుంది ఈ టెన్షన్. బ్రిటన్ కన్జర్వేటివ్ పార్టీ రెండు దారులూ నడిచి చూసింది. 1997 మే 1న ఓడి, జూన్ 19కల్లా విలియం హేగ్‌ను ఎన్నుకుంది. 2005 మేలో ఓడినప్పుడు మాత్రం, దిగిపోతానని ప్రకటించిన నాయకుడు మైఖేల్ హోవార్డ్ డిసెంబర్ దాకా కుర్చీలోనే ఉన్నారు.

ఖర్చు: వెంటనే అయితే తక్కువ. ఆగితే నెలల తరబడి ప్రచారాలు, సభలు, విరాళాల వేట.

శ్రమ: పెద్ద తేడా లేదు, ఎలాగూ ఊపిరాడదు.

రిస్క్: తొందరపడితే ఎందుకు ఓడామో తేలకముందే మనిషి ఖాయమైపోతాడు. హేగ్ హయాంలో 2001లో పెరిగింది ఒక్క సీటే, 165 నుంచి 166కి. (తప్పంతా ఆయనదే అనలేం, అవతల లేబర్ పార్టీ ప్రధాని బ్లెయిర్ మంచి ఊపు మీదున్నారు.) ఆగితే ముఠాలు ముదురుతాయి, సభలో ప్రభుత్వాన్ని నిలదీసే గొంతు పలచబడుతుంది.

పరీక్ష: ఆగడంలో అసలు లాభం ఇదే. 2005 అక్టోబర్‌లో, బ్లాక్‌పూల్‌లో జరిగిన పార్టీ మహాసభలో, నాయకత్వానికి పోటీపడుతున్న డేవిడ్ కామెరాన్ చేతిలో కాగితం లేకుండా మాట్లాడారు. అప్పటిదాకా ముందున్న డేవిడ్ డేవిస్ ప్రసంగం చప్పగా సాగింది. పోటీ తీరే మారిపోయింది. జూన్‌లోనే ఓటింగ్ పెట్టి ఉంటే ఈ తేడా ఎవరికి కనిపించేది?

ఏది ఎవరికి: మళ్లీ ఎన్నికలు త్వరలోనే రావచ్చనిపిస్తే, లేదా అందరూ ఒప్పుకునే మనిషి ఉంటే వెంటనే ఎన్నుకోవాలి. నాలుగైదేళ్లు టైమ్ ఉండి, పాత నాయకుడి మాట ఇంకా చెల్లుతుంటే ఆగడమే నయం. చెల్లకపోతే తాత్కాలిక నాయకుణ్ణి పెట్టుకుని ఆగొచ్చు, కానీ ఆయన పోటీకి దిగనని ముందే చెప్పాలి.