షాప్‌ఫ్లోర్ ట్రైనింగ్‌కి మూడిల్: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ మొండికేస్తుంది

2020 మార్చిలో లాక్‌డౌన్ పడినా జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం మందుల ఫ్యాక్టరీలకు మినహాయింపు దొరికింది. మూతబడింది ట్రైనింగ్ హాలే. ముప్ఫై మందిని ఒకే గదిలో కూర్చోబెట్టి, ఎస్‌ఓపీ (పని ఎలా చేయాలో వరుసగా రాసిన పత్రం) చదివి వినిపించి, సంతకాల షీటు తిప్పడం కుదరలేదు. అలాగని జీఎంపీ, అంటే మందుల తయారీ నాణ్యతా నియమాలు, ఊరుకోవు, శిక్షణ రికార్డు లేని ఆపరేటర్ని మెషీన్ దగ్గర నిలబెట్టకూడదు. ఈ పనికి జూమ్ సరిపోదు, షిఫ్టులో ఉన్నవాడు పదకొండింటి మీటింగ్‌కి ఎలా వస్తాడు? తీరిక దొరికినప్పుడు ఫోన్లో చదివి పరీక్ష రాసే ఏర్పాటు కావాలి. మూడిల్ దానికి తగిన సరుకే.

2002 నుంచీ ఉన్న, ఆన్‌లైన్‌లో పాఠాలూ పరీక్షలూ నడిపే సాఫ్ట్‌వేర్ ఇది. లైసెన్సుకి పైసా కట్టక్కర్లేదు. సర్వర్‌కీ, దాన్ని చూసుకునే మనిషికీ మాత్రం కట్టాలి. ఉచితమని మొదలుపెట్టి ఆ మనిషిని పెట్టుకోని చోట క్రాన్ (సర్వర్‌లో తనంతట తాను నడిచే పని) ఆగిపోయినా ఎవరికీ తెలియదు. అది నిమిషానికోసారి నడవాలి. ఆగితే మెయిళ్లు వెళ్లవు, అందరూ పాసైనా కోర్సు పూర్తయినట్టు రిపోర్టులో కనబడదు.

దీని అసలు బలం క్విజ్. ఒక్కో ఎస్‌ఓపీకి నలభై ప్రశ్నల బ్యాంకు తయారుచేసి, మనిషికి పది చొప్పున కలగాపులగంగా వచ్చేలా పెట్టండి. అప్పుడు జవాబులు వాట్సాప్‌లో తిరిగినా పెద్దగా లాభం ఉండదు. కోర్సు పూర్తయిందో లేదో లెక్కవేసే సెట్టింగుల్లో ఒకదానితో ఉద్యోగే టిక్కు పెట్టుకుని పూర్తయిందనిపించుకోవచ్చు. 'చూస్తే చాలు' అని మారిస్తే పీడీఎఫ్ తెరవగానే పూర్తి. రెండూ పనికిరావు. క్విజ్‌లో పాస్ మార్కు పెట్టి, అది దాటితేనే పూర్తయినట్టు లెక్కవేయమనాలి. వంద శాతం కనబడితే హెచ్‌ఆర్ సంతోషిస్తుంది, ఆడిటర్ మాత్రం ఎలా వచ్చిందని అడుగుతాడు.

తెలుగుతోనే అసలు తిప్పలు. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన ఎస్‌ఓపీని కాపీ చేసి పేజీలో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు. కన్వర్టర్‌తో మార్చి, వత్తులూ అంకెలూ ఒకసారి సరిచూడాలి. 'నిమిషాలు' తప్పుపడితే నవ్వుకుని దిద్దుకోవచ్చు, ఉష్ణోగ్రత తప్పుపడితే బ్యాచ్ పోతుంది. ఉద్యోగుల జాబితాదీ అదే కథ: మూడిల్‌లోకి ఎక్కించడానికి ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీ ఫైలుగా సేవ్ చేస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి, యూటీఎఫ్-8 సీఎస్‌వీ ఎంచుకోవాలి. ఈమెయిల్ లేని కార్మికుల కోసం ఒకే ఈమెయిల్‌తో ఎన్ని ఖాతాలైనా తెరవనిచ్చే సెట్టింగ్ ఒకటుంది, జాబితా ఎక్కించే ముందే దాన్ని ఆన్ చేయండి. పాస్‌వర్డ్ మర్చిపోతే ఇక అడ్మినే మార్చాలి.

వీడియో ఎక్కట్లేదంటే ముందు సర్వర్‌లో మూడిల్‌ని నడిపే పీహెచ్‌పీ సెట్టింగులు చూడండి. అందులో మొదట ఉండే అప్‌లోడ్ పరిమితి రెండు ఎంబీలే. దానితో పాటు పోస్ట్ పరిమితి (ఒకసారికి సర్వర్‌కి పంపే మొత్తం డేటాకి హద్దు) కూడా పెంచాలి, ఒక్కటే పెంచి తలపట్టుకునేవాళ్లే ఎక్కువ. 480పీ, ఐదారు నిమిషాలు చాలు. క్యాంటీన్ వైఫైలో కోర్సు డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేనిచోటా యాప్‌లో చదువుకోవచ్చు. క్విజ్ కూడా ఆఫ్‌లైన్‌లో రాయించొచ్చు కానీ అప్పుడు టైమర్ పెట్టడానికి వీల్లేదు.

చేతిపని మాత్రం దీనివల్ల కాదు. స్టెరైల్ ఏరియాలోకి (సూక్ష్మజీవులు చేరకూడని చోటుకి) వెళ్లేముందు గౌను వేసుకునే వీడియో పదిసార్లు చూసినవాడు కూడా గౌను వేసుకునేటప్పుడు బయటి వైపు చేత్తో తాకేస్తాడు. పక్కన నిలబడి చూసే కన్ను ఉండాలి, ఆపైన గౌనుకి కాంటాక్ట్ ప్లేట్లు (సూక్ష్మజీవులు అంటుకున్నాయో లేదో పట్టిచ్చే పళ్లేలు) అద్ది మైక్రోబయాలజీ ఫలితం రావాలి. ఇద్దరు ముగ్గుర్ని చొప్పున పిలిచి చేయించి, ఆ ఫలితాన్ని సూపర్‌వైజర్ గ్రేడ్‌గా మూడిల్‌లో ఎక్కిస్తే రికార్డంతా ఒకచోట ఉంటుంది. ఎలక్ట్రానిక్ సంతకంగా దీన్ని చూపించాలనుకుంటే వ్యాలిడేషన్, అంటే సిస్టమ్ సరిగ్గా పనిచేస్తుందని పత్రాలతో నిరూపించడం, కంపెనీయే చేసుకోవాలి, మూడిల్‌తో పాటు రాదు.

యాభై మంది ఉన్న చిన్న యూనిట్‌కి ఇంత తతంగం అనవసరం, గూగుల్ ఫామ్స్‌తో సరిపెట్టుకోవచ్చు. మూడు షిఫ్టులూ వందల మందీ ఉన్నచోట మాత్రం పెట్టిన కష్టం గిట్టుబాటవుతుంది. పెట్టేముందు బ్యాకప్ సంగతి ఐటీ వాళ్లతో తేల్చుకోండి: డేటాబేస్‌ని దాచి, ఎక్కించిన ఫైళ్లుండే మూడిల్‌డేటా ఫోల్డర్‌ని వదిలేస్తే మార్కులు తిరిగొస్తాయి కానీ పీడీఎఫ్‌లూ వీడియోలూ రావు.