గోల్ఫ్ కోర్సు కంచె పక్కన కొండ ఇల్లు: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

మే నెల వచ్చి బెజవాడ ఉడికిపోతున్నప్పుడు కొండమీద ఓ ఇల్లు కొనిపడేద్దామనే మాట చాలా ఇళ్లల్లో లేస్తుంది. మనకు దగ్గర్లోదే అరకు. కానీ అక్కడ 1/70 చట్టం ఉంది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుడి పేరున మారదు, గిరిజనేతరుడి దగ్గర గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. స్టాంపు కాగితం మీద రాయించి ఇస్తామనే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ డబ్బు పోయినట్టే. దాంతో బెజవాడ, గుంటూరు వాళ్ల చూపు తమిళనాడు కొండల వైపు తిరుగుతుంది. ఇక్కడ రాస్తున్నది అక్కడ 2,000 మీటర్ల పైన, గోల్ఫ్ కోర్సు కంచెను ఆనుకుని ఉన్న పెంకుటింటి గురించి. ఏడాదిలో మూడు నెలలు వాడకం, తొమ్మిది నెలలు తాళం.

అందరూ ముందు అడిగేది బంతి గురించే. కంచె పొడుగునా ప్రమాదం ఒకేలా ఉండదు. ఆటగాళ్లలో ఎక్కువమందిది కుడిచేతి వాటం. అలాంటివాళ్లు డ్రైవర్‌తో, అంటే దూరం కొట్టే పొడుగు కర్రతో, కొట్టిన దెబ్బ గురి తప్పితే బంతి చాలాసార్లు కుడికి వంగుతుంది, దాన్నే స్లైస్ అంటారు. కాబట్టి టీ దగ్గర, అంటే తొలి దెబ్బ కొట్టే చోట, నిలబడి చూస్తే కుడివైపున, 180 నుంచి 230 గజాల మధ్య ఉన్న ఇళ్ల మీదే బంతుల వాన కురుస్తుంది. పైగా ఆ ఎత్తులో గాలి పలచన. కింద 200 గజాలు పోయే బంతి అక్కడ ఇంకో 15, 20 గజాలు సాగుతుంది. టీకి వెనకవైపు, లేదా ఎడమవైపు తొలి వంద గజాల్లో ఉన్న ఇల్లయితే నిశ్చింత. గ్రీన్, అంటే గుంత ఉండే నున్నటి గడ్డి, పక్కనైతే బంతులు తక్కువ, మోత ఎక్కువ. తెల్లవారకముందే గడ్డి కోసే యంత్రం వచ్చేస్తుంది.

కొనేముందు ఆదివారం పొద్దున రెండు గంటలు ఆ పెరట్లో కూర్చోండి. ఆ తర్వాత గోడ చూడండి. గిన్నెలా గుంటపడ్డ నొక్కులు, అక్కడక్కడా రంగు కలవని కొత్త పెంకులు, కాలవలో నాచు పట్టిన బంతులు కనిపిస్తే అమ్మేవాడు చెప్పని సంగతి ఇల్లే చెప్పేసినట్టు.

అద్దాల సంగతి. టఫెన్డ్ గ్లాస్ సరిపోతుందని మేస్త్రీ చెబుతాడు. అది మామూలు అద్దం కన్నా గట్టిదే, కానీ పగిలితే మొత్తం ముక్కలై రాలిపోతుంది, కిటికీ బోసిగా మిగులుతుంది. పెట్టించాల్సింది లామినేటెడ్. రెండు 5 మిల్లీమీటర్ల అద్దాల మధ్య 1.52 మిల్లీమీటర్ల పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉండాలి. 46 గ్రాముల బంతి తగిలితే సాలెగూడులా చిట్లుతుంది గానీ ఊడిపడదు, కొత్తది వచ్చేదాకా వాన లోపలికి రాదు. వల కట్టాలంటే కన్ను 25 మిల్లీమీటర్లు చాలు, బంతి వ్యాసం 42.67. అయితే వల గాలిని పట్టుకుంటుంది. నైరుతి గాలులకు ముందు వంగేది స్తంభాలే, కాబట్టి ఖర్చు వలకు కాదు, పునాదికి పెట్టాలి. సోలార్ హీటరును కోర్సు వైపు ఉన్న కప్పు వాలులో పెట్టొద్దు.

ఎనిమిదేళ్లలో బంతుల వల్ల పోయినవి నాలుగు అద్దాలు, కొన్ని పెంకులు. తేమ తిన్నదాని ముందు అది లెక్కలోకే రాదు.

కొండను తొలిచి కట్టిన ఇంటికి వెనకగోడే ప్రాణం. మట్టికీ ఇంటి గోడకూ మధ్య కనీసం మీటరు సందు ఉండాలి. మట్టిని ఆపే గోడలో ఒకటిన్నర మీటరుకొకటి చొప్పున 75 మిల్లీమీటర్ల గొట్టాలు, వాటి వెనక అడుగు మందాన కంకర ఉండాలి. కంకర లేకపోతే రెండు వానాకాలాల్లో గొట్టాల నిండా బురద చేరుతుంది, నీరు వెళ్లే దారిలేక గోడను ముందుకు నెడుతుంది. గోడ పొట్ట ఉబ్బినట్టు కనిపిస్తే ఆ ఇల్లు వదిలేయండి. కోర్సు మీకన్నా ఎత్తులో ఉంటే ఇంకో తిప్పలు: వాళ్లు గడ్డికి పెట్టే నీళ్లు వేసవిలోనూ మీ పునాదిలోకే దిగుతాయి.

లోపల పార్టికిల్ బోర్డు బీరువాలు రెండో ఏడాదికే అప్పడాల్లా పొంగాయి. నీళ్లకు తట్టుకునే బీడబ్ల్యూపీ ప్లైవుడ్, జాలీ తలుపులు పెట్టించాక నిలిచాయి. గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫయర్ కొనేటప్పుడు కంప్రెసర్ రకం తీసుకోవద్దు. 15 డిగ్రీల కిందికి వెళ్తే దాని కాయిల్ మీద మంచు పేరుకుని పని మందగిస్తుంది. తేమ పీల్చే పదార్థంతో నడిచే డెసికెంట్ రకం చలిలోనూ లాగుతుంది. అన్నిటికన్నా చవకైన వైద్యం కాపలా మనిషి: ఎండ కాసిన రోజు పదకొండు నుంచి రెండింటిదాకా కిటికీలు తెరవడం ఆయన పనుల్లో మొదటిదిగా రాసి ఇవ్వాలి.

వంటింట్లో నీళ్లు దాదాపు 93 డిగ్రీలకే మరిగిపోతాయి. గిన్నెలో కందిపప్పు గంటసేపైనా బద్దబద్దగానే ఉంటుంది. కుక్కరు తప్పనిసరి, అందులోనూ ఇక్కడి కన్నా రెండు విజిల్స్ ఎక్కువ. గుంటూరు నుంచి పట్టుకెళ్లిన కారం వారంలో గడ్డకడుతుంది, చిన్న సీసాల్లో ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. చెత్తబుట్ట రాత్రి బయట ఉంచితే అడవిపందులు వస్తాయి. అడవిదున్నలు మటుకు పిలవకపోయినా వస్తాయి, కోర్సు గడ్డి వాటికీ ఇష్టమే.

కాగితాల్లో పట్టా, ఈసీతో (ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే పత్రం) ఆగొద్దు. కొండప్రాంత పరిరక్షణ అథారిటీ అనుమతి కావాలా, 1949 ప్రైవేటు అడవుల చట్టం కింద ఆ సర్వే నంబరు ఉందా అని అక్కడి వకీలుతోనే చూపించుకోవాలి, మన ఊరి వకీలుకు ఆ మెలికలు తెలియవు. ఊటీ, కొడైకెనాల్ వెళ్లే బయటి బండ్లకు 2024 మే 7 నుంచి ఈ-పాస్ వచ్చింది. నీలగిరులకైతే గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కోయంబత్తూరులో దిగడం కారు కన్నా సుఖం.

ఇల్లు చూడటానికి మేలో వెళ్లొద్దు. మేలో ప్రతి ఇల్లూ బాగుంటుంది. నవంబరులో, వరసగా నాలుగు రోజులు ముసురు పట్టాక వెళ్లి, వెనక గదిలో బీరువా తలుపు తెరిచి వాసన చూడండి.